మిణుగురుకోట ఏ దిక్కున ఉంది

నయాపూల్ దగ్గర ఒక ప్రచురణ సంస్థలో నేను సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. బడి అట్లాసులు, జిల్లా పటాలు గీయడం మా విభాగం పని. పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, ప్రధాన సంపాదకురాలు నాకు ఒక కొత్త పని అప్పగించారు. ఎక్కడా లేని రాజ్యానికి పటం గీయాలి.

చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపే బాలకిషన్ గారు మా వారపత్రికలో ఆరేళ్లపాటు ఒక రాజుల కథ రాశారు. అది పుస్తకంగా వస్తోంది. పటం కూడా ఉంటుందని పాఠకులకు ముందే ప్రకటించేశారు. నాకిచ్చిన గడువు నెల రోజులు.

ఊరి పటమైనా ఊహల పటమైనా పద్ధతి ఒకటే. ప్రతి స్థలానికీ ఒక చీటీ రాసి, ఏ అధ్యాయంలో ఏ దిక్కున ఉందని చెప్పారో ఎక్కించాలి. కథకుడు స్వయంగా చెప్పింది మొదటి తరగతి సాక్ష్యం. పాత్రలు చెప్పింది రెండో తరగతి, ఎందుకంటే పాత్రలు అబద్ధమాడవచ్చు. ఈ లెక్కన ముప్పయ్యో అధ్యాయం దాకా పని సాఫీగా సాగింది. సన్నేరు అనే ఏటికి తూర్పున మిణుగురుకోట, దక్షిణాన నల్లడవి. ముప్పై ఒకటి నుంచి కోట ఏటికి పడమర, అడవి ఉత్తరం. రాణి చనిపోయే ఘట్టంలో ఏటి ఒడ్డున ఉన్న వార్తాహరుడికి పొద్దు కోట వెనక గుంకుతూ కనిపిస్తుంది. చెప్పింది కథకుడే.

"ఏదో ఒక పక్కన పెట్టేయండి, ఊహే కదా" అన్నారు సంపాదకురాలు. నా సర్వీసులో ఏ ఊరినీ ఏదో ఒక పక్కన పెట్టలేదని మనవి చేశాను. రెండు భాగాలకూ విడివిడిగా ట్రేసింగ్ కాగితాలు గీసుకుని దుకాణానికి వెళ్లాను.

బాలకిషన్ గారు గద్దె మీద, నేను ఎదురుగా స్టూలు మీద. మొదటి కాగితం పొరపాటున నావైపే ఉండిపోయినా, చూసి సరిగ్గా ఉందన్నారు. రెండోది ఆయనవైపు తిప్పి చూపించాను.

"ఇది గూడ సక్కగనే ఉందన్నా. ఒక్కటే పటం రెండుసార్లెందుకు గీసినవ్?"

నాకు తలకిందులుగా ఉన్న ఆ కాగితాన్ని అలాగే మొదటి దాని మీద పెట్టాను. కోట మీద కోట, అడవి మీద అడవి కూర్చున్నాయి. ముప్పయ్యో అధ్యాయం తరువాత ఏం జరిగిందని అడిగాను.

"ఏమైతది, దుకాణం మారింది. ముందుగల్ల గా ఎదురుంగ ఉంటుంటిమి."

గల్లీ తూర్పు పడమరలుగా పోతుంది. పాత దుకాణం దక్షిణ ముఖం, కొత్తది ఉత్తర ముఖం. ఆయన మనసులో కోట ఎప్పుడూ ఎడమ చేతివైపే, అడవి ఎదురుగానే ఉన్నాయి. మనిషి మాత్రం ఇటు తిరిగి కూర్చున్నారు.

తక్కువ మార్పులతో తేలేదాన్నే సరిచేయాలన్నది మా నియమం. రెండో భాగంలో దిక్కుల ప్రస్తావనలు తొమ్మిదే. వాటిలో రాణి చావు ఒకటి. వాటిని మార్చి రాయమని అడిగాను.

"గా పొద్దు గూకుడు ముట్టకన్నా. మా చెల్లె దానికే ఏడ్చింది" అన్నారాయన. నచ్చజెప్పాక ఒప్పుకున్నారు గానీ, మూడు రోజులు కూర్చున్నా ఒక్క వాక్యం మార్చలేకపోయారు. ఆ గద్దె మీద కూర్చుంటే తూర్పు తోచడం లేదట. పాత దుకాణంలో కూర్చుని రాయమన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. అది ఇప్పుడు సలీం భాయ్ చెప్పుల దుకాణం. తాను అద్దెకున్న దుకాణాన్ని తన చేతికి రాకుండా ఎగరేసుకుపోయాడని బాలకిషన్ గారు ఆయనతో నాలుగేళ్లుగా మాట్లాడటం లేదు.

గడువుకు వారం ఉందనగా చివరికి నన్ను వెంటబెట్టుకుని గల్లీ దాటారు. "ఆవ్ సేఠ్, కూసో. గద్దె నువ్వేసిందే, నేను మార్చలె" అని సలీం భాయ్ లేచి చోటిచ్చారు.

బాలకిషన్ గారు చెప్పుల జతల మధ్య కూర్చుని కాసేపు రోడ్డు చూశారు. ఆపైన గంటన్నర తల ఎత్తలేదు. మధ్యలో ఒక ఆడమనిషి వచ్చి ఏడో నంబరు అడిగితే, రాస్తూనే అలమారా చూపించారు.

కాగితాలు నాకిచ్చాక సలీం భాయ్ మెల్లగా అడిగారు. "గింతసేపు ఏం రాసినవ్ సేఠ్?"

"రాణి సచ్చిపోయింది భాయ్. ముందు పొద్దుగూకంగ సచ్చేది, ఇప్పుడు తెల్లారంగ."

"పాపం" అని సలీం భాయ్ మూడు చాయ్‌లు చెప్పారు. చాయ్ అయ్యేదాకా ఇద్దరూ గల్లీలో పెరిగిన లొల్లి గురించి మాట్లాడుకున్నారు. నేను దిక్కులు సరిచూసుకున్నాను. తొమ్మిదీ సరిపోయాయి.

పుస్తకం వచ్చాక రాణి తెల్లవారుజామున పోవడమే బాగుందని ఒకరిద్దరు పాఠకులు రాశారు. మిగతావాళ్లు గమనించినట్టు లేదు. మిగిలిన రెండేళ్ల సర్వీసులో రెండు ఆధారాలు పొసగకపోతే నేను పాటించిన క్రమం ఇది: ఎవరు తప్పు చెప్పారని ముందే అడగకూడదు. చెప్పిన మనిషి ఎటు తిరిగి కూర్చున్నాడో కనుక్కోవాలి. చాలాసార్లు ఎవరిది తప్పన్న ప్రశ్నే అవసరం పడదు.