జింక మార్కా గిటారు

మొన్న మా బీదరులో కొత్తగా తెరిచిన వాయిద్యాల దుకాణానికి వెళ్లి, గోడకు వరసగా వేలాడుతున్న గిటార్లలో ఒకదాన్ని దించమన్నాను. అది చేతికి రాగానే నేను చేసిన మొదటి పని దాని గుండ్రటి రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూడటం. నలభైకి దగ్గరపడుతున్న టీచరమ్మ గిటారును ఖర్బూజా పండులా వాసన చూస్తుంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. దుకాణం అతను నవ్వు ఆపుకోవడం నాకు కనబడుతూనే ఉంది. జిగురు వాసన, ప్లాస్టిక్ కవరు వాసన, అంతే. నాకు కావలసింది పాత పాలిషు, కలరా ఉండ, కొబ్బరినూనె కలిసిన వాసన. "ఏ కంపెనీది గావాలె మేడమ్?" అన్నాడతను. జహీరాబాదువాడట, తెలుగువాడే. "దొర్కా" అన్నాను. "తల మీద ఎగిరే జింక బొమ్మ ఉంటుంది." పాపం, ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు. వెతకనీ. ఈలోగా ఆ గిటారు సంగతి చెబుతాను.

అది మా సామ్యేలు మామది. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, బీదరు అంచున చిద్రిలో మా ఇంట్లోనే ఉండేవాడు. అది ఎక్కడిదని ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు రెండుసార్లు చెప్పలేదు. ఒకసారి ఎవరో కలకత్తా నర్సమ్మ బదిలీ మీద పోతూ ఇచ్చిందనేవాడు, ఒకసారి సికింద్రాబాదు స్టేషన్లో ఎవరో గార్డు దగ్గర కొన్నాననేవాడు, మరోసారి పందెంలో గెలిచానని చెప్పి తానే నవ్వేసేవాడు. తేనె రంగు గిటారు. తల మీద బంగారు కాగితంతో అతికించిన జింక, వెనక కాళ్లు అప్పటికే సగం ఊడిపోయాయి. పురుగు పట్టకుండా కడుపులో ఒక కలరా ఉండ వేసి ఉంచేవాడు, గిటారును ఊపితే అది లోపల గలగలా దొర్లేది. భుజానికి తగిలించుకునే పట్టీ మా అమ్మ పాత చీర అంచు. మధ్యాహ్నం పూట, పైన వాయుసేన శిక్షణ విమానాలు గిర్రున తిరుగుతుంటే, ఎర్రమట్టి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, నా చిన్న వేళ్లను ఒక్కొక్కటే పట్టి తీగల మీద పెట్టి నొక్కించేవాడు. వేళ్లు కోసుకుపోయి నేను ఏడుపు మొహం పెడితే, "కాయగట్టే దాక నొస్తది బిడ్డా, ఎన్క నువ్వద్దన్నా వాయిస్తయి" అనేవాడు.

నాకు వేరే లోకం లేదు. నాన్న హుమ్నాబాదు వైపు చక్కెర ఫ్యాక్టరీలో పని, చెరకు ఆడే కాలంలో ఆదివారాలకు కూడా వచ్చేవాడు కాదు. బడిలో అంతా కన్నడ, ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ. మూడూ వచ్చి కూడా ఎవరితోనూ మాట్లాడని, నోట్లో నాలుక లేని పిల్లను నేను. తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్లు జట్టు కట్టేటప్పుడు నన్ను చివరికి మిగిల్చి, మిగిలాను కదా అని ఎవరో ఒకరు తీసుకునేవారు. ఎస్తేరు అనే పేరున్న పిల్ల ఒకతి తన తరగతిలో ఉందని నాలుగు నెలలదాకా మా సారుకు తెలియదంటే నమ్మండి.

హైదరాబాదు ఉబ్బిపోతున్న ఏళ్లవి. సోమవారం పొద్దున బస్టాండుకు వెళ్తే మనుషులు కిటికీల్లోంచి లోపలికి దూకేవారు. ఆడ అద్దాల మేడలు లేస్తున్నయట, కరెంటు పని తెలిస్తే చాలట, కంప్యూటరు తెలిస్తే ఇంక చెప్పేదే లేదట అని ఇటు కమఠాణ నుంచి అటు మా చిద్రి దాకా ఒకటే మాట. మా చర్చిలో పడుచు పిల్లలు కూర్చునే చాప ముందు సగం ఖాళీ అయింది, తర్వాత చుట్టి మూలకు పెట్టేశారు. వానలు వెనకబట్టాక సామ్యేలు మామ కూడా వైరింగు పనికి వెళ్లాడు. వెళ్లే రోజు గిటారు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఒక్క రూంల ఆరుగురం పండాలె. దీనికి జాగ లేదు. నీ తాననే ఉండనీ. క్రిస్మస్‌కు వస్త, గప్పటికి ఒక్క పాటన్న పూర్తిగ వాయించాలె."

వాయించాను. పొద్దున్నా సాయంత్రమూ వాయించాను. వాయించనప్పుడు రంధ్రం దగ్గర ముక్కు పెట్టుకుని కూర్చునేదాన్ని. మామ తలనూనె వాసన అందులోకి ఎలా దూరిందో గానీ అది మాత్రం పోలేదు.

మా చర్చిలో కోత పండుగ ఒకటి ఉంటుంది. జొన్నలు ఇంటికి వచ్చే రోజుల్లో, ఒక ఆదివారం, ఎవరి చేతిలో ఏది పండితే అది తెచ్చి బలిపీఠం మెట్ల మీద పెడతారు. కంది మండలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు, మూతికి గుడ్డ కట్టిన నెయ్యి గిన్నెలు, కుట్టు నేర్చిన ఆడవాళ్లయితే దిండు గలేబులు. ఆ రోజు చర్చిలో పచ్చి గడ్డి వాసన, కోళ్ల వాసన, అగరొత్తుల్లేని లోటు తీర్చేటన్ని బంతిపూల వాసన. ప్రార్థన అయ్యాక అవన్నీ బయట పందిరి కిందికి మోసుకొచ్చి హర్రాజు వేస్తారు, అంటే వేలం పాట. వచ్చిన డబ్బు చర్చికి. దేవుని ముందర పెట్టింది మళ్లీ తీసుకోకూడదు, ఎవరు పెట్టింది వాళ్లు పాడుకోకూడదు కూడా. అది మా పెద్దల నాటి కట్టడి. కరుణయ్య పెద్ద అని తెల్ల మీసాలాయన, ప్రతి ఏడూ ఆయనే హర్రాజు పాట పాడేవాడు. గుమ్మడికాయను కూడా పెళ్లికూతుర్ని పొగిడినట్టు పొగిడేవాడు.

ఆ ఏడు వాయించేవాళ్లు ఎవరూ మిగలక, మా పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి ఒక కీర్తనకు వాయించమన్నారు. చెమట పట్టిన వేళ్లతో ఎలాగో వాయించాను. పాట అయిపోగానే గిటారును పక్కనే మెట్ల మీద హళ్ళిఖేడ్ రైతు పెట్టిన చెరకు మోపుకు ఆనించి, గబగబా వెనక్కి వెళ్లి అమ్మ కొంగు చాటున కూర్చున్నాను. ప్రార్థన అయింది. బగారన్నం, దాల్చా వాసనకు నేను గిన్నె పట్టుకుని వరుసలో నిలబడ్డాను. గిటారు మెట్ల మీద ఉందన్న సంగతే మరిచాను.

మోసేవాళ్లు చెరకుతోపాటు దాన్నీ మోసుకొచ్చారు. నేను వరుసలోంచి తలెత్తి చూసేసరికి కరుణయ్య పెద్ద దాన్ని రెండు చేతులా పైకెత్తి, "పండినదాంట్ల నుంచి ఎవలైన ఇస్తరు. ప్రాణమసువంటిది ఇచ్చెటోళ్లు ఏరీ? ఎస్తేరు పిల్ల ఇచ్చింది, సూడుండ్రి" అంటున్నాడు.

ఒక్క మాట అంటే అయిపోయేది. "పెద్దయ్యా, అది నేను కానుక పెట్టలేదు, చెరకుకు ఆనించిన" అంటే ఎవరూ కొట్టేవాళ్లు కాదు, అందరూ నవ్వి నా చేతికి ఇచ్చేవారు. కానీ పందిరి కింద ఉన్న మొహాలన్నీ నా వైపు తిరిగాయి. అయ్యగారు చేయి చాచి నన్ను దీవించారు. పేరు తెలియని ముసలమ్మ ఒకామె నా బుగ్గలు పట్టుకుని మెటికలు విరిచింది. అమ్మ కళ్లలో నీళ్లు. అన్నేళ్లలో నన్ను అలా చూసినవాళ్లు లేరు. ఆ చూపు పోతుందేమోనని నేను నోరు మూసుకున్నాను. ఇదీ అసలు సంగతి. మరిచిపోయానని, భయపడ్డానని తర్వాత నాకు నేనే చాలా చెప్పుకున్నాను గానీ, నిజం ఇదే.

హైదరాబాదు నుంచి ప్లాట్లు చూడటానికి వచ్చి, ఆదివారమని చర్చికి వచ్చిన ఎవరో పాడుకున్నాడు. మూడోసారి అనగానే చప్పట్లు కొట్టారు. అతను దాన్ని కారు వెనక సీట్లో పడుకోబెడుతుంటే లోపల కలరా ఉండ గలగలమనడం నాకు వినబడింది.

ఇంటికి పోతూ దారిలో అమ్మ అడిగింది. "మామను అడిగినవా బిడ్డా?"

"అడిగిన. ఇయ్యమన్నడు."

అంత సులువుగా వచ్చింది అబద్ధం. "వానిది గంత మంచి మనసు" అని అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఇక అప్పట్నుంచి క్రిస్మస్ దాకా నెల రోజులు బడి వదలగానే ఊరంతా తిరిగాను. అచ్చం అలాంటిదే, అదే జింక, అదే తేనె రంగు, దొరికితే తెచ్చి మూలకు పెట్టేస్తే మామకు తెలియదని నా ఆశ. జింక కాళ్లు గోటితో నేనే గీకేస్తాను, కలరా ఉండ నేనే వేస్తాను, నూనె నేనే రాస్తాను అని అన్నీ ఆలోచించుకున్నాను. దేనితో కొంటానన్నది మాత్రం ఆలోచించలేదు, పదకొండేళ్ల తెలివి అంతవరకే. చౌబారా బురుజు దగ్గర ఒక దుకాణం ఉండేది. డోలక్కులు, హార్మోనియాలు, పెళ్లి బ్యాండు బాకాలు, వాటి మధ్య ప్లాస్టిక్ సంచుల్లో రెండే రెండు గిటార్లు, రెండింటి మీదా నెమలి బొమ్మ. దుకాణం చాచా డోలక్కు తాడు బిగిస్తూ నా మాట మొత్తం విన్నాడు.

"జింక మార్కానా? ఆ మాల్ ఇటు రాదు బేటీ. ఇదొకటే వస్తది. హైదరాబాదుల దొరుకుతదేమో, మీ వాళ్లెవలన్న ఆడ ఉంటే తెమ్మనరాదూ?"

ఆడ ఉన్నది మామే. ఆయన్ని ఎలా తెమ్మనను?

ఉస్మాన్‌గంజ్‌లో ఆట సామాన్ల కొట్టులో అడిగాను, రేడియోలు బాగుచేసే ఆయన్ని అడిగాను, పెళ్లి బ్యాండు వాళ్ల గదిలోకి తొంగిచూసి అడిగాను. ఒకాయన కన్నడలో "ఇల్ల" అన్నాడు, ఒకాయన దక్కనీలో "నై" అన్నాడు, ఒకాయన ఏమీ అనకుండా చేయి ఊపాడు. కాళ్లు అరిగాయి గానీ జింక కనబడలేదు. చాచా దగ్గరికి మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లేదాన్ని. నాలుగోసారికి నేను గడప ఎక్కకముందే, "రాలేదు బేటీ" అని తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మామ వచ్చాడు. చిక్కిపోయాడు, చేతులకు సున్నపు మరకలు, నాకోసం పెట్టెలో కొత్త తీగల కట్ట ఒకటి. అమ్మ గర్జెలు, అవే కజ్జికాయలు, వేయిస్తోంది. "గిటారేది బిడ్డా?" అన్నాడు రాగానే. "చర్చిల ఉంది" అన్నాను. ఆ సాయంత్రమంతా అక్కాతమ్ముళ్లకు మాటలు కలవకుండా ఇద్దరి మధ్యా కూర్చున్నాను. అమ్మ నోరు తెరిస్తే నీళ్లు అడిగాను, మామ నోరు తెరిస్తే గర్జె పెట్టాను. తేలు కుట్టిన దొంగకు ఎలా ఉంటుందో ఆ రోజు నాకు తెలిసింది.

తెల్లారి ఆరాధనలో, అమ్మ చెప్పి ఉంటుంది, అయ్యగారు మామను పేరు పెట్టి లేపారు. "మన సామ్యేలు ఊరు విడిచి పోయినా సంఘాన్ని మరువలేదు. ప్రియమైన గిటారును కోత పండుగకు కానుకగా ఇప్పించాడు" అన్నారు. మామ నిలబడే ఉన్నాడు. ముందు అర్థం కానట్టు చూశాడు, తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి నా కోసం వెతికాడు. నేను కనబడ్డాను.

"అవు అయ్యగారూ," అన్నాడు, "నేనే ఇయ్యమన్న."

తిట్టలేదు. ఒక్క మాట అడగలేదు. మర్నాడు బస్టాండుకు సాగనంపడానికి నేనూ వెళ్లాను. కిటికీ దగ్గర నిలబడి "మామా" అన్నాను. "ఏంది బిడ్డా?" అన్నాడు. "ఏం లే" అన్నాను. ఎప్పుడూ వెళ్లేటప్పుడు నా నెత్తి మీద మొట్టికాయ వేసేవాడు, ఆ రోజు వేయలేదు. ఆ కొత్త తీగల కట్ట నా దగ్గరే ఉండిపోయింది. మరుసటి ఏడు పని ఒత్తిడని రాలేదు, తర్వాత హైదరాబాదులోనే పెళ్లి అయింది, తర్వాత పెళ్లిళ్లకూ చావులకూ కలిశాం. కలిసిన ప్రతిసారీ చెబుదామనుకున్నాను. వయసు పెరిగేకొద్దీ ఆ మాట మరీ బరువైపోయింది.

రెండేళ్ల కింద మామ పోయాడు. గుండెపోటు. పదో రోజు అయ్యాక, అత్త ఆయన సామాను సర్దుతూ, ఏదో గుర్తొచ్చినట్టు నాతో అంది. "మీ మామది ఇచ్చంత్రమమ్మా. గిటారు దుకాణం కనబడితె సాలు, బండి ఆపాల్సిందే. జింక మార్కా ఉన్నదా అని అడుగుతడు. లేదంటరు, వస్తడు. ఎవలికని అడిగితే, మా ఎస్తేరుకు అంటడు. ఎన్నేండ్లు అడిగిండో."

అక్కడ నేను ఏడ్వలేదు. జహీరాబాదు దాటాక బస్సులో ఏడ్చాను.

ఇప్పుడు మా చర్చిలో కోత పండుగ కానుకలు కవర్లలో ఇస్తారు, హర్రాజు లేదు. కరుణయ్య పెద్ద లేడు. చౌబారా దగ్గర చాచా దుకాణం ఉన్న చోట ఫోన్లు అమ్ముతున్నారు. విమానాలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. నా వేళ్ల కాయలు ఏనాడో మెత్తబడ్డాయి, ఆ తీగల కట్ట తుప్పు పట్టి పెట్టెలో ఉంది.

ఫోనులో వెతికి వెతికి దుకాణం అతను తలెత్తాడు. "గా కంపెనీయే లేదు మేడమ్. ఎప్పుడో బందయినట్టున్నది. ఎవల తాన చూసిండ్రు మీరు?"

"మా మామ దగ్గర."

"గట్లనా," అన్నాడు, నా చేతిలోని గిటారు తీసుకుని మళ్లీ గోడకు తగిలిస్తూ. "ఆయన్నే అడుగుండ్రి మేడమ్. ఏడ తెచ్చిండో ఆయనకు తెలుస్తది గద."

అడుగుతానని చెప్పి బయటికి వచ్చాను.