నాగ్‌పాడా అనబోయి

ఇంగ్లీషులో నాకు నమ్మకంగా వచ్చిన క్రియ ఒక్కటే, టేక్. మా తెలుగు బడి టీచరమ్మ నా కోసం ఏరి పెట్టింది దాన్ని.

బట్టల మిల్లుల సమ్మె తర్వాత పని పోయి నాన్న ఇంట్లోనే కూర్చున్నాడు. అమ్మ బిల్డింగు పనిలో సిమెంటు మోసి కూలి తెస్తేనే పొయ్యి వెలిగేది. పదో తరగతి ఎలాగో గట్టెక్కిన నాకు వర్లిలో ఒక దవాఖానా నుంచి చీటీలు రాసే పనికి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనట. ఆ పని రాకపోతే అమ్మతో పాటు నేనూ నాకా మీద, కూలీలు పని కోసం నిలబడే చోట, నిలబడాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు కానీ అందరికీ తెలుసు.

ఉన్న నాలుగు రోజుల్లో ఇంగ్లీషంతా బుర్రకెక్కదని టీచరమ్మ ముందే తేల్చేసింది. అన్ని క్రియలూ అరకొరగా నేర్చుకునే బదులు ఒక్కదాన్ని పూర్తిగా లొంగదీసుకోమంది. బస్సెక్కడానికి టేక్. మందు మింగడానికీ, సెలవు పెట్టడానికీ, ఫొటో తీయడానికీ, స్నానం చేయడానికీ అదే. వెనక ఆఫ్ అని ఒక చిన్న ముక్క తగిలిస్తే విమానం లేస్తుంది, చెప్పులు ఊడతాయి. ఆఫ్టర్ అని ఇంకో ముక్క తగిలిస్తే పిల్లకు తండ్రి పోలికలొస్తాయి. నాకు ఒళ్లు మండిపోయింది. దేశాలేలినవాళ్లకు ఇంకో క్రియ దొరకలేదా? ఉన్న ఒక్క గిన్నెలోనే బియ్యం కడిగి, పప్పు వండి, దాంతోనే నెత్తి మీద నీళ్లు పోసుకున్నట్టుంది వీళ్ల సంసారం అనుకున్నాను.

ఆ కోపం మా చాల్‌లో, ఆ వరుస గదుల వాళ్లందరికీ ఉన్న ఒక్క నల్లా దగ్గర దిగింది. తెల్లవారకముందే నీళ్ల వరుసలో నిలబడి ఉంటే అమ్మ బిందె పట్టమంది. నీళ్లు పట్టడానికి అరగంట పట్టింది. బిందెకు పాచి పట్టిందని అమ్మ నన్ను తిట్టింది. ముందున్నావిడ ఎంతకీ జరగకపోతే దీనికేం పిచ్చి పట్టిందే అంది. అరె, మేమూ ఒక్క గిన్నెవాళ్లమేనా! అంతమందిలో ఒక్కదాన్నే నవ్వాను. సగం భయం అక్కడే పోయింది.

మిగతా సగం భయం ఇంగ్లీషుది కాదు. మా చాల్‌లో ఒక అలవాటుంది. బయటివాళ్లు ఇల్లెక్కడని అడిగితే పక్క పేట పేరు చెప్పి నాగ్‌పాడా అంటాం, మరీ పెద్ద హోదావాళ్లడిగితే గ్రాంట్ రోడ్ అంటాం. మా పేట పేరు కామాటిపురా అనగానే ఎదుటివాళ్లకు అక్కడి సానికొంపలే గుర్తొచ్చి చూపు మారిపోతుంది. ఈ ఊరు కట్టడానికొచ్చిన కామాటీలు, అంటే కూలి పనివాళ్లైన మా తాతలు, ఉండబట్టి దానికి ఆ పేరని ఎవరికి పట్టింది? నాగ్‌పాడా అనే చెప్పమని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుని పంపింది.

దవాఖానాలో నన్ను ప్రశ్నలడిగినావిడ కాస్త వయసు మళ్లిన మనిషి. ఏ బస్సు, ఎంతసేపు పడుతుంది, ఇంట్లో జబ్బు చేస్తే చూసుకునేదెవరు, అన్నిట్లోనూ మన టేకే. గడగడా చెప్పాను. అప్పుడడిగింది, ఇల్లెక్కడని.

నాగ్‌పాడా అనబోయాను. నాలుక దాకా వచ్చింది. ఏమైందో, ఒళ్లు మండింది. పొద్దున్నే లేచి నీళ్లు మోసి, ఉతికిన బట్ట కట్టుకుని వచ్చినదాన్ని, నేనెందుకు సిగ్గుపడాలి?

"కామాటిపురా" అన్నాను.

ఆవిడ పెన్ను ఆగింది. నాకా మీద అమ్మ పక్కన నిలబడ్డట్టే కళ్లకు కనిపించింది.

అక్కడి నుంచి పొద్దున ఏడింటి డ్యూటీకి రాగలవా అని అడిగిందావిడ. అంతే, ఇంకేమీ అడగలేదు.

"ఐ టేక్ వాటర్ ఎట్ ఫైవ్, మేడమ్" అన్నాను.

ఇంగ్లీషువాళ్లు నీళ్లను అలా పట్టరని చాలా కాలం తర్వాత తెలిసింది. ఆవిడ మాత్రం దిద్దలేదు, కాస్త నవ్వి సోమవారం నుంచి రమ్మంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరు చూస్తే ఏమని, హాయిగా ఏడ్చాను.

అమ్మ గడపలోనే కాచుకుని ఉంది. పని దొరికిందని చెబితే గోడకు ఆనుకుని కూలబడింది. అక్కడి నుంచే అడిగింది.

"ఇల్లు నాగ్‌పాడా అనే చెప్పినవు గదా?"

"లేదమ్మా. కామాటిపురా అన్న."

"ఏమన్నరు?"

"పొద్దుగాల ఏడింటికి వస్తవా అన్నరు."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గట్లయితె ఇన్నేండ్లు నేనెందుకు నాగ్‌పాడా అని చెప్పుకుంట తిరిగిన బిడ్డా?"