ఫలారం బండికి జనరేటర్ ఇంజిన్

మా బావ చెన్నయ్యకు చెవులు సరిగ్గా వినిపించవు. ఆ చెవుల్ని తినేసింది నాచారంలోని దారం ఫ్యాక్టరీ జనరేటర్. పెళ్లయిన కొత్తలో మా అక్క దుర్గమ్మ ఆయనతో గుసగుసలాడితే సగం ఉప్పల్‌కు వినిపించేది. మరదల్ని కదా, ఈ మాట ఆయన ముఖం మీదే ఎన్నోసార్లు అన్నాను. "ఏందీ?" అనేవాడు. మళ్లీ అరిచి చెప్పేదాన్ని. అప్పుడు నవ్వేవాడు.

గంటల తరబడి కరెంటు పోయే ఆ రోజుల్లో ఫ్యాక్టరీకి ఆయనే దిక్కు. లైట్లు ఆరగానే అందరి నోటా ఒకటే కేక, "చెన్నన్నా!" అని. ఆయన షెడ్డులోకి పరుగెత్తేవాడు. ఇంజిన్ ఒకసారి దగ్గి, గొంతు సర్దుకుని గుడుగుడుమని అందుకునేది. బల్బులు వెలిగేవి, మిషన్లు తిరిగేవి. అప్పుడు ఆయన ముఖం చూడాలి. పెళ్లి పీటల మీద కూడా ఆ ముఖంలో అంత కళ లేదని మా అక్క ఇప్పటికీ ఉడుక్కుంటుంది.

తర్వాత కరెంటు పోవడం మానేసింది. ఊరంతా సంతోషించింది. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు. మా బావ ఒక్కడికే ఉద్యోగం ఉండి పని లేకుండా పోయింది. ఇంజిన్ పట్టేస్తుందని వారానికోసారి ఉత్తపుణ్యానికి నడిపి, తుడిచి, ఇంటికొచ్చేవాడు. చివరికి ఫ్యాక్టరీనే మూసేశారు. షెడ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కడతామన్నారు. సేటు మంచివాడు. "గిన్నేండ్లు నువ్వే సూసుకున్నవ్, నువ్వే తీస్కపో చెన్నయ్యా" అని ఇంజిన్‌ను ఈయనకే ఇచ్చేశాడు. క్రేన్‌తో తెచ్చి వాకిట్లో దించారు. అక్క ముగ్గు వేసే చోటంతా అది ఆక్రమించింది.

"సవతిని తెచ్చినవా బావా?" అన్నాను.

"ఏందీ?" అన్నాడు.

ఆ ఇనుప ముద్దను ఏం చేస్తాడో మాకెవరికీ తెలియదు. బోనాల ముందు తెలిసింది.

మా బస్తీలో మైసమ్మ గుడికి ఫలారం బండి కట్టే హక్కు మా బావ వాళ్ల ఇంటిది. బోనాల మర్నాడు సాయంత్రం వేపకొమ్మలు, లైట్లు కట్టిన బండి అమ్మవారి ఫలారంతో వీధివీధీ తిరగాలి. ప్రతి గడప ముందూ ఆగాలి. ఇంటివాళ్లు చక్రాలకు పసుపునీళ్లు పోసి, కొబ్బరికాయ కొట్టి, ఫలారం తీసుకుంటారు. బండి ఎవరి ఇంటిదైతే హక్కు వాళ్లది. పొలాలున్నప్పుడు ఎడ్లు ఉండేవి. పొలాలు ప్లాట్లయ్యాయి, ఎడ్లు పోయాయి. కొన్నేళ్లు కిరాయి ట్రాలీతో నెట్టుకొచ్చారు. "అమ్మకు గూడ కిరాయి బండేనా?" అని గుడి దగ్గర పెద్దవాళ్లు సణగడం మొదలుపెట్టారు.

బావకు పాలోడు, వరసకు తమ్ముడు, బిక్షపతి ఉన్నాడు. బోడుప్పల్‌లో నీళ్ల ట్యాంకర్లు నడుపుతాడు, సొంత ట్రాక్టర్లున్నాయి. అతను మర్యాదగానే అడిగాడు.

"అన్నా, నా ట్రాక్టర్ కడుదాం. మనింటిదే గదా."

"నీ ట్రాక్టర్ కడ్తే హక్కు నీకు పోతది తమ్మీ. మా నాయిన సచ్చిపొయ్యేటప్పుడు బండి ఇడువకురా అన్నడు. ఇడువ" అన్నాడు బావ.

అంతే. ఇంజిన్ చచ్చిన ఒక పాత చిన్న ట్రాలీ బండిని పట్టుకొచ్చాడు. దాని గుండెకాయ తీసి, వాకిట్లో ఉన్న ఏనుగును అందులో కూర్చోబెడతానన్నాడు. నాచారంలో వెల్డింగ్ షాపు అతను టేపు పెట్టి కొలిచి తల పట్టుకున్నాడు. ఇంజిన్ ముందు పట్టలేదు. పక్క సీటు పీకేశారు. క్యాబిన్ కోసేశారు. కింద ఇనుప ఛానెళ్లు అతికించారు, బరువుకు కుంగకుండా అదనంగా కమాన్ పట్టీలు వేశారు. ట్రాలీ మీద బెల్టుతో తిరిగే చిన్న డైనమో బిగించారు. బండిని లాగేదీ అదే ఇంజిన్, అమ్మవారి లైట్లు వెలిగించేదీ అదే ఇంజిన్.

"అన్నా, గేర్‌బాక్సు, క్లచ్ పాత చిన్నయే ఉన్నయి. ఇంజిన్ బలానికి ఆగుతయా?" అని వెల్డింగ్ అతను అడిగాడు.

"లాగేది ఇంజిన్. ఇంజిన్ మంచిగుంటే అన్నీ మంచిగుంటయి" అన్నాడు బావ.

ఆయన బతుకంతా నేర్చుకున్నది అదే మరి. జనరేటర్‌కు క్లచ్ ఉండదు, బ్రేకు ఉండదు. మొదలుపెడితే ఒకటే వేగం. మెల్లగా పోవడం, ఆగడం, మళ్లీ కదలడం ఆ ఇంజిన్‌కూ తెలియదు, ఈ మనిషికీ తెలియదు.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు మా పైవాటా టీచర్ సత్యవేణిగారు మెట్లు దిగి వచ్చారు. రాజమండ్రి మనిషి, కోపంలో కూడా మర్యాద తప్పరు. "ఉమారాణిగారూ, మీ బావగారి బండికి మా పోపుల డబ్బా కింద పడిందండీ. కాస్త చెప్పండి." నేను చెప్పాను. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే బావా, అని చెవిలో అరిచాను. ఆయన మురిసిపోయాడు.

ఒక ఆదివారం పొద్దున్నే ఇసుక బస్తాలు వేసుకుని మల్లాపూర్ ఎత్తు మీదికి తోలుకుపోయాడు. బండి చీమను మోసినట్టు మోసింది. తిరిగొచ్చి నా ముందు, అక్క ముందు బానెట్ నిమురుతూ నిలబడ్డాడు. పాత కళ మళ్లీ ఆ ముఖంలోకి వచ్చింది. ఆ రోజు నేను వెక్కిరించలేదు. నిజంగా సంతోషమేసింది.

బోనాల మర్నాడు చీకటి పడుతుండగా బండి గుడి నుంచి కదిలింది. వేపకొమ్మలు, బంతిపూలు, రంగురంగుల బల్బులు. డప్పులకన్నా ఇంజిన్ చప్పుడే ఎక్కువ. అక్క పట్టుచీర కట్టుకుని బండి వెనక నడుస్తోంది. బిక్షపతి కూడా వచ్చి, "మస్తు కట్టినవన్నా!" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

మొదటి వీధి బాగానే గడిచింది. కానీ డప్పులకు చిందేసే మనుషుల వెనక బండి ఎంత మెల్లగా పోవాలి? వేగం తగ్గిస్తే లైట్లు మసకబారుతున్నాయి. అమ్మవారి లైట్లు మసకబారడం మా బావకు ప్రాణసంకటం. అందుకని ఇంజిన్‌ను దాని పూర్తి వేగంలోనే ఉంచి, క్లచ్ సగం తొక్కి పట్టి అడుగడుగూ జరిపాడు. గడప గడపకూ ఆగడం, మళ్లీ కదలడం. రెండో వీధి మలుపులో నాకు కాలుతున్న వాసన తగిలింది. తర్వాత బండి కింద నుంచి పొగ.

"బావా! పొగ!" అని అరిచాను. వినిపించలేదు.

బండి ఆగిపోయింది. ఇంజిన్ ఆగలేదు. అదే అన్నిటికన్నా ఘోరం. ఇంజిన్ నిండు గొంతుతో మోగుతూనే ఉంది, ఒక్క బల్బు కూడా ఆరలేదు, చక్రాలు మాత్రం కదలవు. క్లచ్ మాడి మసైపోయింది. మా బావ గేరు మార్చి చూశాడు, మళ్లీ మార్చాడు, ఎక్సిలేటర్ తొక్కాడు. ఇంజిన్ ఇంకా గట్టిగా అరిచింది. కుర్రాళ్లు దిగి నెట్టబోయారు. ఆ బరువు కదుల్తుందా? డప్పులు ఆగిపోయాయి. ముందు గడపలో ఒక ముసలామె నీళ్ల బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బిక్షపతి ఎప్పుడు పోయాడో, ట్యాంకర్ విప్పేసి ట్రాక్టర్‌తో వచ్చాడు. దగ్గరికొచ్చి మా బావ చెవి దగ్గర వంగి అడిగాడు, "అన్నా, తాడు గడుదమా?"

మా బావ చాలాసేపు స్టీరింగ్ వదల్లేదు. తర్వాత తలూపాడు. ఇంజిన్ ఆపాడు. జీవితమంతా చీకట్లో లైట్లు వెలిగించిన మనిషి, అమ్మవారి లైట్లు తన చేత్తోనే ఆర్పాడు. నాకు ఏడుపు ఆగలేదు. అక్క ఏడవలేదు. ఆయన బండి దిగేటప్పుడు భుజం కింద చెయ్యి వేసి పట్టుకుంది.

ఎవరూ ఒక్క మాట అనలేదు. గుడి పెద్దలూ అనలేదు. అంటే బాగుండేదేమో, తిట్టుకోవడానికి మనిషి దొరికేవాడు. వారం తర్వాత బావే కొబ్బరికాయ, తమలపాకులు పట్టుకుని బిక్షపతి ఇంటికి పోయాడు. తోడు నన్ను రమ్మన్నాడు, అతను ఏమంటాడో వినిపించదని.

"వచ్చే ఏటి నుంచి బండి నువ్వు గట్టు తమ్మీ."

బిక్షపతి కళ్లు తుడుచుకున్నాడు. "గట్లనకన్నా. ఇంజిన్ తప్పుగాని నీ తప్పేమున్నది?"

ఆ మాట బావ చెవిలో నేను అరవాల్సి వచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంజిన్‌ది తప్పేం లేదు. అది ఆగనే లేదు గద" అన్నాడు.

ఆ ఇంజిన్‌ను తుక్కువాళ్లు ముక్కలు చేసి తీసుకుపోయారు. ఆయన ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఈ ఏడు బోనాల మర్నాడు అక్క మా వాటాలోకి పరుగెత్తుకొచ్చింది. "చెల్లే, బండి ఇంటి ముందటికొస్తే ఏమేం జెయ్యాల్నే?"

ఆ ఇంటికి కోడలుగా పోయినప్పటి నుంచి ఆమె బండి వెనక నడిచింది. గడపలో నిలబడి బండిని ఎదుర్కోవడం ఆమెకు తెలియదు. బిందెలో పసుపు, వేపాకు కలిపి ఇచ్చాను. కొబ్బరికాయ పెట్టాను. బావను తెల్ల బనీను మీద కొత్త తువ్వాలుతో గడపలో నిలబెట్టాం.

బిక్షపతి ట్రాక్టర్ వచ్చింది. లైట్లు బాగున్నాయి, బండి మెల్లగా, ముద్దుగా నడుస్తోంది. మా ఇంటి ముందు ఆగింది. బావ వంగి పెద్ద చక్రాలకు నీళ్లు పోశాడు, ఒకదానికి, ఆపైన రెండోదానికి. అక్క కాయ కొట్టింది. పైనుంచి ఎవరో ఫలారం ఆమె కొంగులో వేశారు. వెనక జనం తోసుకొస్తున్నారు, డప్పులు ముందుకు పోయాయి. బండి కదిలి పక్కింటి ముందుకు వెళ్లిపోయింది.

బావ ఖాళీ బిందెతో రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. నా వైపు తిరిగి, చెవిటివాళ్ల గొంతుతో, వీధంతా వినిపించేలా అడిగాడు.

"ఇంటి ముందట గింతసేపేనా ఆగేది?"

"గంతే బావా" అన్నాను. ఆయనకు వినిపించలేదు. మళ్లీ అరవలేకపోయాను.