మాహూర్ మైకులో మా నాయనమ్మ పేరు

మా చిన్నతనంలో దసరా సెలవులంటే అందరూ అమ్మమ్మగారింటికి పోయేవారు... మేము మాత్రం హారన్లు, వైర్ల చుట్టలు టెంపోలో వేసుకుని నాందేడ్ నుంచి మాహూర్ పోయేవాళ్ళం. మా బాపుది మైక్ సెట్ పని. నవరాత్రుల జాతరలో రేణుకాదేవి కొండ కింద రేకుల షెడ్డులోనే మా సామాను, మా వంట, మా పడక... అన్నీ.

వేరే పిల్లలు ఎక్కాలు బట్టీ పట్టే వయసులో నేను మిక్సర్ ముందు కూర్చుని బాపు పని మాటలు నేర్చుకున్నాను. గెయిన్ అంటే మైకులోకి గొంతును ఎంత రానివ్వాలో అంత. ఎక్కువైతే చెవులు చిల్లులు పడేలా కుయ్యిమంటుంది... అది ఫీడ్‌బ్యాక్. జోన్ అంటే ఒక్కో దిక్కున కట్టిన హారన్ల గుంపు. మాకు నాలుగు... మెట్లు, బజారు, బస్టాండు, గుడి. ప్రయారిటీ అంటే అనౌన్స్‌మెంట్ మైకు మీట నొక్కగానే పాట తనంతట తనే తగ్గిపోవడం.

ఇక 'ఆల్ కాల్'... ఆ ఎర్ర స్విచ్చు వేస్తే నాలుగు జోన్లలో ఒకేసారి వినపడుతుంది. నిప్పంటుకుంటేనో, తొక్కిసలాట అయితేనో తప్ప వేయకూడదు. ఊరికే ముట్టుకున్నామా, బాపు వీపు చీరేసేవాడు.

మైకు మాత్రం అమ్మది. తెలుగు, మరాఠీ, హిందీ మూడూ గడగడా మాట్లాడేది. "మా పిలగాడు తప్పిపోయిండు బాయీ..." అని ఎవరైనా ఏడ్చుకుంటూ వస్తే ముందు మంచినీళ్ళిచ్చి, పేరు, ఊరు అడిగి పిలిచేది. అమ్మ పిలిస్తే దొరకని మనిషి లేదని బాపు గొప్పగా చెప్పుకునేవాడు.

నాకు పదేళ్ళు నిండిన ఏడు నాయనమ్మ కూడా మాతో వచ్చింది... బాపు వాళ్ళమ్మ. పుట్టిల్లు బిలోలి. గట్టి మనిషి. ఆమె కళ్ళెర్ర చేస్తే ఇంట్లో పిల్లి కూడా మూల నక్కేది. షుగర్ ఉన్నా సరే నవరాత్రి ఉపాసం మానదు. ఆ రోజు పొద్దున షుగర్ గోలీ వేసుకుంది, ఏమీ తినలేదు. "గాజులు చూసొస్త" అని పోయింది... పన్నెండైంది, ఒంటి గంటైంది, రెండైంది. చక్కెర పడిపోతే ఉన్నచోటే కూలబడుతుందని మా అందరికీ తెలుసు. బాపు వెతకడానికి మెట్ల వైపు పరుగెత్తాడు.

అమ్మ మైకు చేతిలోకి తీసుకుంది... మీట నొక్కి మళ్ళీ వదిలేసింది.

అత్త పేరు కోడలు తీయకూడదు. మొగుడి పేరు అసలే తీయకూడదు, కాబట్టి 'ఫలానా ఆయన తల్లి' అని పిలవడానికీ లేదు. పోనీ నేను చెబుదామంటే... నాకు నాయనమ్మ పేరే తెలియదు! పదేళ్ళు ఆమె పక్కలో పడుకున్నాను, ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు.

"ఆకుపచ్చ చీర కట్టుకున్న నాందేడ్ ముసలమ్మ, యాడున్నా మైకు కాడికి రావాలె..." అంది అమ్మ. నవరాత్రుల్లో, మాహూర్‌లో, ఆకుపచ్చ చీర కట్టనిదెవరు! ఆరుగురు వచ్చారు. ఒకావిడైతే "ఏమన్న పంచుతుండ్రా?" అని బెంచీ మీద కూర్చుండిపోయింది.

"రేణుక వాళ్ళ నాయనమ్మా..." అని పిలిచింది. రేణుక నేనే. కానీ ఆ దేవి కొండ కింద రేణుకలకు కరువా? ఇంకో ముగ్గురు నాయనమ్మలు వచ్చి, నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయారు. నాకు నవ్వొచ్చింది... అమ్మ ముఖం చూశాక ఆగిపోయింది.

"పేరు చెప్పరాదే అమ్మా!"

"ఎట్ల తియ్యాలె బిడ్డా... నలుగుట్ల అత్త పేరు తీస్తే నన్ను బతుకనిస్తదా?"

"ముందుగాల ఆమె బతకాలె గదనే!" అని అరిచాను.

అమ్మ నన్నొకసారి చూసింది. చెంగు తలమీదికి లాక్కుంది. ఎర్ర స్విచ్చు వేసేసింది.

"బిలోలి ముత్తెవ్వా... ముత్తెవ్వా! యాడున్నవ్... మైకు కాడికి రా... ముత్తెవ్వా!"

పాట తగ్గిపోయింది. మెట్ల మీద, బజారులో, బస్టాండులో, గుడి దగ్గర... అంతటా ఆ పేరే. నేను వినడం అదే మొదటిసారి. ఎప్పుడూ పలికే మర్యాద మాటలేవీ లేవు, మరాఠీ లేదు, హిందీ లేదు. ఏడెనిమిది సార్లు అలా పిలుస్తూనే ఉంది.

కాసేపటికి గాజుల దుకాణం ఆవిడ నాయనమ్మ రెక్క పట్టుకుని మెల్లగా నడిపించుకొచ్చింది. కళ్ళు తిరిగి దుకాణం ముందే కూలబడితే, ఉపాసం అన్నా వినకుండా నోట్లో బెల్లం ముక్క పెట్టిందట. ఆ తల్లికి వెయ్యి దండాలు. వెనకే బాపు వచ్చాడు, ఎర్ర స్విచ్చు చూశాడు, తనే తీసేశాడు.

అమ్మ నాయనమ్మ కాళ్ళు పట్టేసుకుంది. "తప్పయింది అత్తమ్మా..."

ఇక అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. నాయనమ్మ మెల్లగా బెంచీ మీద కూర్చుంది.

"ముందుగాల ఎవ్వలో పాపం తప్పిపోయిందనుకున్న..." అంది. "బిలోలి అంటుంది, మా ఊరామెనే ఉన్నట్టుందనుకున్న. నాలుగోసారి పిలిచినంక యాదికచ్చింది... గది నా పేరే గదా అని. నన్ను గన్న అవ్వ పోయినంక గట్ల ఎవ్వలు పిలువలే."

అమ్మ వైపు తిరిగింది.

"ఇంకోసారి పిలువు పిల్లా."

"మైకులనా అత్తమ్మా?"

"మైకు ఎందుకే... గిట్లనే."

అమ్మ ఏడుస్తూ, మెల్లగా "ముత్తెవ్వా..." అంది.

"ఓ..." అంది నాయనమ్మ, చిన్నపిల్లలాగా. అంత గట్టి మనిషి కళ్ళు తుడుచుకోవడం చూసి నాకూ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు జాతరల్లో రికార్డు చేసిన గొంతులు వినపడుతున్నాయి. మనిషి తప్పిపోతే ఫోన్ చేసుకుంటున్నాం... ఆ ఫోన్లలోనూ అమ్మ, అత్తమ్మ, నాయనమ్మ అనే రాసుకుంటాం. నాయనమ్మ పోయి చాలా ఏళ్ళైంది. బతికుండగా ఆ పేరు పెట్టి ఆమెను ఇంకెన్నిసార్లు పిలిచి ఉంటారు... మహా అయితే రెండో, మూడో.

మీ నాయనమ్మ పేరేంటి? అమ్మమ్మ పేరు? తెలిస్తే ఇక్కడ రాయండి, ఒకసారి పైకి చదువుకుంటాను. తెలియకపోతే కనుక్కోండి... ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం ఎవరినో కాదు, ఆమెనే అడగండి.