ఖుర్షీదా వదిలిన సందు

విజయవాడ వన్‌టౌన్‌లో ఖుర్షీదా బైండింగ్ షాపుకి వెళ్ళినవాళ్ళు రెండు చీవాట్లు తినకుండా బయటపడటం కష్టం. "పుస్తకమా ఇది, పకోడీల పొట్లమా?" అని దులిపేసేది. మ్యాపు తెచ్చినవాళ్ళకి మాత్రం స్టూలు వేసి కూర్చోబెట్టేది. తండ్రి దగ్గర నేర్చిన పనుల్లో ఆవిడకి ప్రాణం అదే. మ్యాపును మడతల వెంబడి ముక్కలుగా కోసి, మైదా జిగురుతో గుడ్డ మీద అతికించి, ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి సందు వదిలేది. మడత ఆ సందులో గుడ్డ మీద పడుతుంది గనక కాగితం ఏళ్ళ తరబడి చిరగదు. ఆ పనితనం చూసి తీరాలి.

కొండలెక్కే పిచ్చి ఉన్న బ్యాంకు ఉద్యోగి గంగాప్రసాద్ ఎన్నాళ్ళనుంచో మ్యాపులు ఆవిడకే ఇచ్చేవాడు. జిగురు ఆరేలోగా కబుర్లు చెబుతూ, అంచుల్లోని అక్షాంశ రేఖాంశాల అంకెలు చదవడం ఆయనే నేర్పాడు. గట్టిగా ఒక మెట్ట కూడా ఎక్కని ఖుర్షీదా, కొండపల్లి అడవిలో ఏ వాగు ఎటు దిగుతుందో వేలితో చూపించగలిగేది.

2005 వేసవిలో ఆయన జీపీఎస్ కొన్నాడు. అందులో మ్యాపు లేదు. నిలబడ్డ చోటు అంకెలు చెప్పేది, అంతే. కొండపల్లి కొండలకి వెళ్ళే ముందు రోజు, అతికించడానికిచ్చిన ఆ కొండల మ్యాపు కోసం షాపుకొచ్చాడు.

"జిగురు ఆరలేదండీ. ఎల్లుండి తీసుకోండి."

"పర్లేదు ఖుర్షీదా గారూ, జీపీఎస్ ఉందిగా!"

ఆవిడకి మనసు చివుక్కుమంది.

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటాక షాపులో ఫోను మోగింది. కొండ మీంచి సెల్‌ఫోన్లో గంగాప్రసాద్. "మాతో వచ్చిన రామతులసి టీచర్‌కి వడదెబ్బ తగిలిందండీ. మాట తడబడుతోంది. నీళ్ళయిపోయాయి. వచ్చిన దారంతా మోసుకెళ్ళలేం. కొండ నెత్తినున్నాం, రెండు పక్కలా వాగులే. ఏది దిగితే రోడ్డొస్తుందో చూడండి!" అంటూ అంకెలు చదివాడు.

ఖుర్షీదా మ్యాపు మీద స్కేలు పెట్టి, పడమటి అంచునుంచి కొలిచి చుక్క పెట్టింది. పక్కపక్కనే రెండు కొండలున్నాయి. చుక్క పడమటి కొండ మీద పడింది. అక్కణ్ణుంచి పడమటి వాగే ఊరికి దగ్గర. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో స్కేలు కింద తెల్లటి గుడ్డ కనబడింది.

"ఆగండి, ఆగండి! ఈ సందు నేను పెట్టిందండీ. నేల మీద లేదు!"

కొలత సందు మీదుగా వచ్చింది. ఆ మేరకు చుక్కని తూర్పుకి జరిపింది. జరిగింది కందిగింజంత. చుక్క మాత్రం రెండో కొండ మీదకి పోయింది. ఆ కొండకి పడమటి వాగు మెలికలు తిరిగి అడవి లోపలికే పోతుంది. తూర్పు వాగు తిన్నగా మైలవరం రోడ్డు మీదకి దిగుతుంది.

"తూర్పుకి దిగండి! ఎండ మీ వీపుకి తగలాలి. మొహానికి తగిలిందంటే తప్పినట్టే!"

ఫోను కట్టయింది. తన చెయ్యి తప్పితే ఒక ప్రాణం పోతుంది. మళ్ళీ కొలిచింది, మళ్ళీ కొలిచింది. అల్లాకి మొక్కుకుంటూ ఫోను పక్కనే కూలబడింది.

పొద్దు వాలాక ఫోనొచ్చింది. రోడ్డెక్కారు, లారీవాళ్ళు మైలవరం ఆసుపత్రిలో దింపారు, టీచర్ కళ్ళు తెరిచింది. దారి చూపలేదని గంగాప్రసాద్ తన జీపీఎస్‌ని తిట్టిపోస్తుంటే ఖుర్షీదా ఊరుకోలేదు. "దాన్నెందుకండీ తిడతారు? అది అంకెలు చెప్పకపోతే నేను దేన్ని కొలిచేదాన్ని?" అని కసిరి, ఫోను పెట్టేసి, భోరుమని ఏడ్చింది.

చలికాలం రాగానే, కొండెక్కుదాం రమ్మని ఆవిణ్ణి వదల్లేదు రామతులసి. ఒక చేత్తో మ్యాపు, ఒక చేత్తో జీపీఎస్ పట్టుకుని, దారి పొడవునా అందర్నీ కోప్పడుతూ ఖుర్షీదా ఆ కొండ ఎక్కింది. ఆనాటి అంకెలు కలిసిన చోట ఆగింది. చెప్పులు విడిచి, వంగి, పడమటగా పరుచుకున్న నేలని అలా చూస్తూ ఉండిపోయింది.

"ఏం వెతుకుతున్నారండీ?" అంది రామతులసి.

"నేను కోసిన చోటు" అంది ఖుర్షీదా, కళ్ళు తుడుచుకుంటూ. "ఎక్కడా అతుకే లేదండీ!"