తలుపన్న చెప్పిన ముగింపులు

సినిమాహాల్లో పనిచేసేవాళ్లు రోజూ సినిమా చూస్తారని జనం అనుకుంటారు. అబ్బో, ఎంత భాగ్యమో! ఇరవై రెండేళ్లుగా హాలు గోడకి ఇవతల టీ కాస్తున్నాను, ఒక్క సినిమా మొదటినుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. నాకు గోడలోంచి చప్పుడు వినిపిస్తుంది. ఇంటర్వెల్ అయ్యాక కప్పులు తిరిగొస్తాయి. ఖాళీ కప్పులొస్తే సినిమా అంతంతమాత్రం. సగం టీతో వస్తే ఆడుతుంది, జనం తాగేదాకా కూడా ఆగలేక లోపలికి పరిగెత్తారన్నమాట. పేపర్లవాళ్లు ఎన్ని చుక్కలైనా ఇచ్చుకోనీండి, నా కప్పులు తప్పు చెప్పిన రోజు లేదు.

మిగతావాళ్లదీ ఇదే బతుకు. ఆలస్యంగా వచ్చేవాళ్లకి టార్చి వేసి సీటు చూపించే వదిన మొదటి పావుగంట చూస్తుంది. తర్వాత ఆమె డ్యూటీ ముందు గేటు దగ్గర. ఆమె భర్తని మేమంతా తలుపన్న అనేవాళ్లం. చివరి పది నిమిషాలుండగా లోపలికెళ్లి, బయటికి పోయే తలుపుల గడియలు తియ్యడం ఆయన పని. ఆట వదిలాక హాలు ఊడ్చే చీపురత్త కూడా ఆ వేళకే చీపురు పట్టుకుని వెనక నిలబడుతుంది. మధ్యాహ్నం ఆట వదిలాక నలుగురం నా పొయ్యి దగ్గర చేరి సినిమాని అతుకు పెట్టుకునేవాళ్లం. మొదలు వదిన చెప్పేది. మధ్యలో ఏం జరిగిందో నేను చెప్పేవాణ్ణి, గోడలోంచి వినిపించిన ఏడుపుల్నీ దెబ్బల్నీ బట్టి. ముగింపు తలుపన్నది. అదేదో తనే తీసినట్టు, టీ ఊదుకుంటూ, ఊరించి ఊరించి చెప్పేవాడు.

వేసవి వస్తే మా వదిన దర్జా చూడాలి. వసారా గోడకి 'త్వరలో' అని పోస్టర్లు పడగానే ఆడవాళ్లు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి ఆమెనే అడుగుతారు, ఈ సెలవుల్లో ఏవి చూడొచ్చని. ఎవరికేది సరిపడుతుందో చూసి చెప్పేది. "మీ అత్తగారితో అయితే ఇది వద్దు, అత్తగార్ని తిట్టిన సీనుంది. చంటిదాంతో అయితే అది వద్దు, చప్పుడెక్కువ." కొందరు సినిమా చూసొచ్చి గొడవ పెట్టుకునేవాళ్లు. "నువ్వు చెప్పినట్టు లేదే! చివర్లో తల్లి చచ్చిపోయిందిగా?" అంటే, "ఏసీకి నిద్రపోయి ఉంటావులే. తల్లి కోలుకుని ఇంటికొచ్చింది, మా ఆయన కళ్లారా చూశాడు," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నేను పొయ్యి వైపు తిరిగి మంట సరిచేసుకునేవాణ్ణి. ఎందుకో తర్వాత చెబుతాను.

నాలుగు నెలల కిందట ఒక పొద్దున పనికి బయల్దేరుతూ, ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు చేత్తో పట్టుకుని, గడప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు తలుపన్న. పదకొండో రోజు పొద్దున్నే వదిన టార్చి పట్టుకుని పనికొచ్చేసింది. కంట చుక్క నీరు లేదు. ఆయన గురించి ఎవరైనా అడిగితే, "ఆయన రావట్లేదు," అనేది, సెలవు చీటీ పంపినట్టు. టిఫిన్ బాక్సు తెచ్చేది, మూత తీసేది, రెండు ముద్దలు మింగి మూత పెట్టేసేది. నిండిన వరసల మీద కూడా టార్చి వేసి నిలబడుతుంటే జనం మొహాలు కప్పుకుని తిట్టేవాళ్లు. ఆ తిట్లు ఆమెకి చేరినట్టే లేవు. ఏడిస్తే ఓదార్చొచ్చు, అరిస్తే సర్దిచెప్పొచ్చు. ఉలుకూ పలుకూ లేని మనిషిని ఏం చెయ్యాలి? నాకు భయమేసేది, భయమేస్తే నాకు కోపమొస్తుంది, ఆ కోపం తీసుకెళ్లి కప్పుల మీద చూపించేవాణ్ణి. అలా ఆ నెలల్లో తొమ్మిది కప్పులు పగిలాయి.

మా టీ సభ కూడా చెడింది. వదిన మొదలు చెప్పేది, నేను మధ్య చెప్పేవాణ్ణి, అక్కడితో ఆగిపోయేది. ముగింపు చీపురత్తకి తెలుసు. కానీ ఆమె నోరు విప్పేది కాదు.

ఇంతలో హాలు యజమాని మెట్ల పొడవునా నేలలో దీపాలు పెట్టించాడు. ఇక టార్చితో పని లేదు. వదినని పిలిచి, "మీ ఆయన తలుపు ఖాళీగా ఉందమ్మా, ఇన్నాళ్లూ గడియలు నేనే తీసుకుంటున్నాను. నువ్వు నిలబడతానంటే నీదే. శుక్రవారం వేసవి సినిమాలు మొదలవుతున్నాయి, హాలు కిటకిటలాడుతుంది. బుధవారంలోగా ఏ సంగతీ చెప్పకపోతే బయటివాణ్ణి పెట్టుకుంటాను," అన్నాడు. చెడ్డవాడేం కాదు, కాకపోతే ఏదైనా ఒక్కసారే చెప్పే రకం. వదిన టార్చి పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లిపోయింది. ఒప్పుకోమని చీపురత్తా నేనూ చెవిన ఇల్లు కట్టుకుని పోరాం. ఆ పని కూడా లేకపోతే రోజంతా ఆ గడప ముందు కూర్చుని ఏం చేస్తుందన్నది మా బెంగ. "ఆ తలుపు ఆయనది," అంది ఒక్కటే మాట.

సోమవారం వేసవి పోస్టర్లొచ్చాయి, అతికించేదాకా వసారా గోడకి ఆనించి పెట్టారు. ఈసారి మూడు పెద్దవి. సినిమాలకి మేం పెట్టుకునే పేర్లే చెబుతాను: మంచుకొండ సినిమా, కవల పోలీసుల సినిమా, అన్నిటికన్నా పెద్దది గుర్రం సినిమా రెండో భాగం. మొదటి భాగం రెండేళ్ల కిందట మా హాల్లోనే విరగబడి ఆడింది, ఆ నెల రోజులూ నాకు కప్పులన్నీ సగం టీతోనే తిరిగొచ్చాయి. గుర్రాలు పెంచే అన్నదమ్ముల కథ. రెండో భాగానికి ముందు జనానికి గుర్తు చెయ్యాలని ఆ వారమంతా మధ్యాహ్నం ఆటకి మొదటిదే మళ్లీ వేస్తున్నారు.

కొత్త పోస్టర్ మీద తమ్ముడొక్కడే గుర్రమెక్కి ఉన్నాడు. కింద పెద్ద అక్షరాలతో, 'అన్నని మింగిన ఏటికి ఎదురెళ్తున్నాడు' అని ఉంది. వదిన దాని ముందు చాలాసేపు నిలబడింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆ మొహంలో కొంచెం కదలిక కనిపించింది. నేను పిచ్చివాణ్ణి, సంతోషించాను. ఆమె గబగబా యజమాని దగ్గరికి నడిచింది.

"సార్, పోస్టరు తప్పొచ్చింది. అతికించకముందే తిప్పి పంపెయ్యండి."

"ఏం తప్పమ్మా?"

"అన్న ఏట్లో పోలేదు కద సార్. గుర్రాన్ని పట్టుకుని అవతలి ఒడ్డుకి చేరాడు. అక్కడ నీలం తలుపుల ఇల్లు కట్టుకున్నాడు."

యజమానికి మా గుట్టు తెలియదు. పగలబడి నవ్వాడు. "నువ్వు ఏ హాల్లో చూశావమ్మా? నీలం తలుపులేంటి? గుర్రం ఒక్కటే ఒడ్డుకొచ్చింది. హాలంతా వలవలా ఏడిస్తేనూ!"

చీపురత్త చీపురు ఆగిపోయింది. వదిన మా ఇద్దరివైపు తిరిగింది. ఇద్దరం తల ఎత్తలేదు. అంతకన్నా వేరే సాక్ష్యం ఏం కావాలి?

నా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. "నీకు తెలుసా మరిదీ?"

"తెలుసు వదినా."

"ఇదొక్కటేనా?"

నేను కడిగిన కప్పులే మళ్లీ కడగడం మొదలుపెట్టాను. చీపురత్తే కుండ బద్దలు కొట్టింది. "ఒక్కటేమిటే, ఎవరైనా చచ్చిపోయిన ప్రతి సినిమానూ. ఆస్పత్రి సినిమాలో తల్లి పోయింది. రైలు సినిమాలో డ్రైవరు పోయాడు."

"దీపస్తంభం సినిమాలో కుక్క?"

"కుక్క కూడా."

"కుక్క కూడానా!" అంది వదిన. తల్లికీ డ్రైవరుకీ లేని ఆశ్చర్యం కుక్క దగ్గర వచ్చింది.

ఇక దాచి ఏం లాభం? చెప్పేశాను. పెళ్లైన కొత్తల్లో తలుపన్న ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టి ఒక సినిమా మొత్తం చూపించాడు. చివర్లో ఒక మేష్టారు పోయాడు. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. "ఆ మేష్టారు నీకేమైనా చుట్టమా?" అని తలుపన్న వేళాకోళం చేశాడు గానీ, లోపల హడలిపోయాడు. తర్వాత ఆమె ఇక్కడే పనిలో చేరినప్పుడు మా అందర్నీ ఒక్కొక్కళ్లనీ పక్కకి పిలిచి ఒట్టేయించుకున్నాడు. "ముగింపు నాకొదిలెయ్యండి. సినిమాలో ఎవడైనా చస్తే మా ఇంట్లో కంచం కదలదు." ముగింపులు మార్చడానికి మనిషి పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆ నీలం తలుపులు పొద్దున్నించీ ఆలోచించి పెట్టుకున్నవి.

"వాళ్లందర్నీ నిద్రపోయారని తిట్టాను," అంది వదిన. అంతే అంది. లేచి యజమాని గదిలోకి వెళ్లి, ఆ రోజునుంచే తలుపు దగ్గర నిలబడతానని చెప్పింది.

మధ్యాహ్నం ఆట మొదలైంది. చివరి పది నిమిషాలుండగా ఆమె లోపలికెళ్లడం చూశాను. గోడకి చెవి పెట్టాను. ఏటి హోరు, గుర్రం సకిలింపు, తమ్ముడి కేకలు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా కదల్లేదు. తర్వాత గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది, జనం కళ్లు తుడుచుకుంటూ వస్తున్నారు. తలుపన్న నిలబడే చోటే నిలబడి, "మెట్టుంది, చూసుకోండి... మెట్టుంది, చూసుకోండి," అంటోంది. అది ఆయన మాటే. ఆమె గొంతులో వింటూ, ఆరిన పొయ్యి మళ్లీ వెలిగించాను.

టీ పోశాను. వదిన మొదలు చెప్పింది. నేను మధ్య చెప్పాను. అలవాటుగా అక్కడ ఆగిపోయాం. చీపురత్త కప్పులోకి చూస్తోంది.

"అన్న చచ్చిపోయాడు," అంది వదిన. "తమ్ముడు తాడు విసిరాడు, అందలేదు. చచ్చిపోయాడు." కప్పు కింద పెట్టింది. "మీ అన్న కూడా చచ్చిపోయాడు మరిదీ."

నేను ఏడ్చాను. చీపురత్తా ఏడ్చింది. వదిన ఏడవలేదు. టిఫిన్ బాక్సు మూత తీసి తినడం మొదలుపెట్టింది. మొదటి ముద్ద, రెండో ముద్ద, మూడోది. మేం చూస్తున్నామని కూడా చూడలేదు. అడుగున ఉన్న నాలుగు మెతుకులు కూడా వేలితో ఏరుకుని తిని, చెయ్యి కడుక్కుని, ఖాళీ బాక్సు నా బల్ల మీద బోర్లించింది.

అప్పుడే ఒకావిడ ఇద్దరు పిల్లలతో వసారాలోకొచ్చి పోస్టర్ల ముందు నిలబడింది. "ఈ సెలవుల్లో ఏవి చూడొచ్చమ్మా?" అని అడిగింది. నాలుగు నెలలుగా ఏ సినిమా గురించి అడిగినా మా వదినది ఒకటే జవాబు: "అన్నీ బాగుంటాయంట."

వదిన లేచి పోస్టర్ల దగ్గరికెళ్లింది. "మంచుకొండది చిన్నవాడికి భయం, వద్దు. పోలీసులది మీ ఆయనతో వెళ్లండి, నవ్వుకుంటారు. గుర్రం సినిమా తప్పకుండా చూడండి, కానీ ముందు ఈ వారం వేస్తున్న మొదటిది చూడాలి. అందులో చివర్లో అన్న చచ్చిపోతాడు."

"అయ్యో, ముందే చెప్పేశావేంటి?" అంది ఆవిడ.

"చెప్పాలమ్మా," అంది వదిన. "ఇంటి దగ్గర అన్నం తినేసి రండి."