రాణిగారి తగువు

ఆ కావ్యం పేరు చెప్పను. చెబితే మా విజయనగరం పండితులు నన్ను ప్రశాంతంగా కాఫీ కూడా తాగనివ్వరు. కథ మాత్రం చెప్పాలి, లేకపోతే మా క్లాసులో జరిగిందేమిటో మీకు తెలియదు.

ఒక రాజు దిగ్విజయానికి వెళ్తాడు. ఏళ్ళు గడిచిపోతాయి. తిరిగొచ్చినవాడు తిన్నగా ఇంటికి రావచ్చు కదా, రాడు. భార్య మనసు ఎలా ఉందో చూడాలని పాటగాడి వేషం కట్టి అంతఃపురంలో చేరతాడు. రోజూ సాయంత్రం వీణ పట్టుకుని రాణికి పాటలు వినిపిస్తాడు, కష్టసుఖాలు అడుగుతాడు. చివరికి ఒకరోజు, మీ రాజు యుద్ధంలో పోయాడమ్మా అని అబద్ధం చెబుతాడు. రాణి మూర్ఛపోతుంది. దాంతో ఆయనగారికి తృప్తి కలుగుతుంది, వేషం తీసేస్తాడు. రాణి కన్నీళ్ళతో ఆయన పాదాల మీద పడుతుంది. దేవతలు పూలు చల్లుతారు. కావ్యం సమాప్తం.

నేను ఈ కథ విన్నది మా తాతగారి నోట. మాది గుడిలో పాడే కుటుంబం. ఆ చివరి పద్యం ఆయన ఎత్తుకున్నారంటే వింటున్న ఆడవాళ్ళందరూ కొంగులతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అది విని విని పెరిగినదాన్ని కాబట్టే తెలుగు ఎమ్మే చదివాను. ఇప్పుడు శ్రీకాకుళం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా అదే కావ్యం పాఠం చెబుతున్నాను. గెస్టు అన్నారు గానీ అతిథి మర్యాదలేవీ లేవు, నా కుర్చీ కూడా నేనే వెతుక్కోవాలి.

మూడేళ్ళ క్రితం ఫైనలియర్ పిల్లలకి రాణి పాత్ర గురించి రాసుకు రమ్మన్నాను. అందరూ రాశారు. "రాణి సహనంలో భూదేవి, క్షమలో..." అంటూ మొదలుపెట్టి, అందరూ ఒకే చోట అదే అక్షరదోషంతో ఆగారు. గైడులో అచ్చుతప్పును కూడా భక్తిగా ఎత్తి రాశారన్నమాట. నాకు ఒళ్ళు మండింది. కోపం వస్తే నా పుస్తకాల భాష ఎగిరిపోయి, పుట్టింటి భాష బయటికి వస్తుంది.

"ఏటర్రా ఇది? రాణిని మీరు సూసినారా, గైడు రాసినోడు సూసినాడా? బుర్రలు ఇంటికాడ ఒగ్గేసి వచ్చినారేటి?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. మా క్లాసులో నా తిట్లకి ఉన్న గిరాకీ నా పాఠాలకి లేదు. ఒక్క అమ్మాయి కాగితం మాత్రం వేరేగా ఉంది. చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. సముద్రం ఒడ్డున చేపలవేట మీద బతికే ఊరు వాళ్ళది. "రాణి ఏమనుకుందో కవి చెప్పలేదు, కాబట్టి నేనూ చెప్పలేను" అని ఒకే ఒక్క వాక్యం రాసింది. గడుసుదే అనుకున్నాను.

రాతలో గడుసుదే గానీ, ఆ పిల్ల క్లాసులో నోరు విప్పదు. ఫస్టియర్లో తనని తాను పరిచయం చేసుకోమంటే లేచి రెండు ముక్కలు మాట్లాడిందట. టౌను కుర్రాడొకడు ఆ యాసనే సాగదీసి, సినిమాల్లో కమెడియన్‌లా తిరిగి అన్నాడట. క్లాసంతా గొల్లుమంది. అంతే, ఆ రోజు నుంచి అటెండెన్సుకి చెయ్యెత్తడమే తప్ప మాట లేదు. తమాషా ఏమిటంటే నవ్వినవాళ్ళలో సగం మంది ఇళ్ళలో మాట్లాడేదీ ఆ యాసే.

ఫైనలియర్లో ప్రతివాళ్ళూ ఒక పాత్ర మీద క్లాసు ముందు నిలబడి మాట్లాడాలి, దాన్నే సెమినార్ అంటారు. అది లేకపోతే సబ్జెక్టు పోయినట్టే. స్టాఫ్ రూములో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పిల్ల వచ్చి నిలబడింది.

"రాసి ఇచ్చీనా మేడం? ఎన్ని పేజీలన్నా రాస్తాను. మాటాడమంటే నా వల్ల కాదు."

"రాస్తే కుదరదమ్మా, ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోరు. బీఈడీ చేసి తెలుగు టీచరు అవుతానన్నావు కదా. అక్కడ పిల్లలకి పాఠం రాసిస్తావా?"

ఆ పిల్లకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "సబ్జెక్టు పోతే ఇంట్లో మరి సదివించరు మేడం. రొయ్యల కంపెనీకి పంపించేస్తామని ముందే సెప్పేసినారు" అంది. సెమినార్లు ముగియడానికి ఆ వారమే మిగిలింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మాట రానిదైతే వేరే సంగతి. నిక్షేపంలాంటి మాట ఉండి, నాలుగు నవ్వులకి జడిసి పిల్ల చదువు పోతుందంటే ఎవరికి మాత్రం కోపం రాదు?

మర్నాడు గైడులు బ్యాగుల్లో పెట్టించి అడిగాను. రాజు చేసింది సబబేనా అని. రాజాంలో ధాన్యం వ్యాపారం చేసేవాళ్ళ అబ్బాయి ఒకడున్నాడు, నోరున్నవాడు. వాడు తటాలున లేచాడు.

"తప్పేటి మేడం? ధాన్యం కొన్నప్పుడు బస్తాలో సెయ్యెట్టి గుప్పెడు తీసి సూడమా?"

ఆడపిల్లలు వాడి మీద విరుచుకుపడ్డారు. "ఒరే, పెళ్ళాం బస్తాయేటిరా?" అని ఒకతి. "కొన్నప్పుడు సూత్తారు గానీ, తిన్నాక సూత్తారేటి?" అని ఇంకొకతి. ఆ గోలలో, చివరి బెంచీ పిల్లలాగే సముద్రం వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు నింపాదిగా అన్నాడు.

"మా ఊళ్ళో అయితే ఈపాటికి తగువు పెట్టేద్దురు మేడం."

తగువంటే వాళ్ళ ఊరి పెద్దలు కూర్చుని మంచిచెడ్డలు తేల్చే సభ. వాడే వివరంగా చెప్పాడు. మొగుడి వైపువాళ్ళు ఒకపక్క, ఆడపిల్ల పుట్టింటివాళ్ళు ఒకపక్క కూర్చుంటారు. ఒకరు మాట్లాడుతున్నప్పుడు ఇంకొకరు నోరెత్తకూడదు, నవ్వకూడదు. ఎత్తితే పెద్దలు "తప్పు" వేస్తారు, అంటే జరిమానా. నాకు సరదా పుట్టింది. ఈ శుక్రవారం రాజు మీద తగువు పెడదాం, జరిమానా అందరికీ మిరపకాయ బజ్జీలు అన్నాను. ధాన్యం వాళ్ళ అబ్బాయి తానే రాజునన్నాడు. తగువు సంగతి చెప్పిన కుర్రాడు పెద్దమనిషి అయ్యాడు, పక్కన మరో ఇద్దరు. మిగిలిన క్లాసు రెండు పక్షాలుగా చీలిపోయింది.

శుక్రవారం వాళ్ళని చూసి నేను నోరు వెళ్ళబెట్టాను. కావ్యాన్ని ఎన్నడూ తెరవని పిల్లలు పుస్తకం నిండా చీటీలు పెట్టుకొచ్చారు. పెద్దమనుషులు తువ్వాళ్ళు భుజాన వేసుకొచ్చారు. రాజు పక్షంవాళ్ళు, రాజ్యం నిలబడాలంటే రాజుకి అనుమానం ఉండాల్సిందేనని మంత్రి చెప్పిన పద్యం చదివారు. పుట్టింటి పక్షం, మరి ఆ మంత్రి సలహాతోనే కదా మూడో ఆశ్వాసంలో యుద్ధం ఓడిపోబోయాడు, అని ఎదురు పద్యం చదివింది. నేను ఆగలేక మధ్యలో ఒక అలంకారం గురించి చెప్పబోయాను.

"తప్పు!" అన్నాడు పెద్దమనిషి. "బజ్జీలు మేడం గారివే!"

క్లాసు చప్పట్లు కొట్టింది. పాఠం చెప్పినందుకు జరిమానా కట్టిన లెక్చరర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

రెండు వైపులా వాదన ముగిశాక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగున్నాది. రాణీగారు ఏటన్నాది?"

పుట్టింటి పక్షం పుస్తకం తిరగేసింది. ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. నేనూ నా పుస్తకం తెరిచాను. రాజు వేషం తీసిన తర్వాత రాణి నోట ఒక్క పద్యం లేదు, అరపద్యం కూడా లేదు. చిన్నప్పటి నుంచి విన్న కావ్యం, ఏటేటా పాఠం చెప్పే కావ్యం. మా తాతగారి రాగం అంత గొప్పగా ఉండేది మరి. ఆ రాగమే రాణి పలుకు అనుకుని అందరం ఏడ్చాం. ఆమె ఏమీ మాట్లాడలేదన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

"ఆనందబాష్పాలు రాల్చిందని కవి చెప్పాడు కదరా" అన్నాను నీరసంగా.

"ఏడుపు సాక్షం కాదు మేడం. ఆడమనిషి మాట ఇనకుండా తగువు తెగదు. మా ఊళ్ళో ఒప్పుకోరు. రాణి తరపున ఎవులో ఒకలు లెగండి."

టౌను అమ్మాయి ఒకతి లేచి, చేతులు జోడించి, "నాథా! మీ దర్శనంతో నా జన్మ ధన్యమైంది" అంది.

"ఇది గైడు మాట. కూకో" అన్నాడు పెద్దమనిషి.

క్లాసు గొల్లున నవ్వింది, ఆ అమ్మాయి కూడా నవ్వేసింది. ఆ తర్వాత ఎవరూ లేవలేదు. నా చూపు ఊరికే చివరి బెంచీ వైపు పోతోంది. పిలుద్దామని నోటిదాకా వచ్చి ఆపుకున్నాను. పిలిస్తే ఇంకా ముడుచుకుపోతుందని భయం, పిలవకపోతే పీరియడ్ అయిపోతుందని భయం.

కిటికీ దగ్గర బెంచీ కిర్రుమంది. ఆ పిల్ల లేచి నిలబడింది.

"నాను అడుగుతాను" అంది.

ఆ మాట విని మునుపటి టౌను కుర్రాడికి పాత సరదా పుట్టింది. "నానూ..." అని సాగదీయబోయాడు. ముగ్గురు పెద్దమనుషులూ ఒక్కసారి "తప్పు!" అని అరిచారు. వాడు నోరు మూసుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు. ఆ పిల్ల లేచింది క్లాసులో కాదు, వాళ్ళ ఊరి తగువులో. అక్కడ ఆడవాళ్ళు లేచి మాట్లాడటం, మగవాళ్ళు నోరు మూసుకుని వినడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

"రాజుగారూ, మీరు రావడం నాకు సంతోషమే, కాదన్ను" అని మొదలుపెట్టింది. మాట ఎక్కడా తడబడలేదు. "నాకో సంగతి సెప్పండి. మీకన్నా ముందల ఇక్కడికి ఒక పాటగాడు వచ్చీవోడు. సందేళ కూకుని, ఈయేళ తిన్నావా తల్లీ, ఒంట్లో ఎలగున్నాది అని అడిగీవోడు. నాను సెప్పిందంతా ఇనీవోడు. మీతో అన్నేళ్ళు కాపరం సేసినాను, మీరు ఒక్కనాడు అడిగినారేటి? ఆడు మంచోడు. ఆడ్ని ఏటి సేసినారు?"

రాజు బుర్ర గోక్కున్నాడు. "ఆడు... ఆడు నేనే కదా!"

"మీరే అయితే ఇన్నాళ్ళూ ఎక్కడ దాసినారు? ఏషం కడితేనే మంచితనం వస్తాదేటి మీకు? నా మనసు సూడ్డానికని వచ్చి, మీ మనసు ఎలగుండాలో మీరే సూపించీసినారు. నాకు ఆ పాటగాడు కావాల. రాజుగారు ఎప్పట్లాగ యుద్ధానికి ఎల్లిపోవచ్చు."

బల్లలు విరిగిపోతాయేమో అన్నంతగా కొట్టారు. రాజు పక్షంవాళ్ళే ముందు కొట్టారు. రాజు దండం పెట్టేసి, "నాను ఓడిపోయినాను మేడం" అని కూర్చుండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. పాటగాడి పద్యాలని వట్టి చమత్కారం అని చెప్పి దాటించేస్తూ వచ్చాను నేను. ఆ కావ్యంలో ఇద్దరు మగవాళ్ళున్నారని, రాణి ప్రేమించదగ్గవాడు రెండోవాడని ఏ వ్యాఖ్యానంలోనూ చదవలేదు.

గంట కొట్టారు. ఎవరూ బ్యాగులు సర్దలేదు. నేను మార్కుల కాగితం తీసి, ఆ పిల్ల పేరుకెదురుగా ఎంత వేయొచ్చో అంతా వేశాను.

"చాలమ్మా, నీ సెమినార్ అయిపోయింది. కూర్చో" అన్నాను.

ఆ పిల్ల కూర్చోలేదు. నా వైపు, క్లాసు వైపు చూసి, ముందు బెంచీ దగ్గరకి నడిచి వచ్చింది.

"అవలేదు మేడం" అంది. "ఇప్పుడు ఆ మంత్రి సంగతి సెప్పాల."